గట్టు మీద గది

జగిత్యాల నుంచి కరీంనగర్ వెళ్లే తోవలో పదిహేను కిలోమీటర్లు పోతే కొండగట్టు. రోడ్డు మీద స్టేజి, అక్కడి నుంచి పైకి ఘాటు రోడ్డు, పైన గుట్టల నడుమ ఆంజనేయస్వామి గుడి. మంగళవారం, శనివారం జనం విరగబడి వస్తారు. అందుకే సోమవారం పొద్దుగూకే వేళకు స్టేజి దగ్గర దిగిన ప్రతి కుటుంబంలోనూ ఒకటే మాట నడుస్తుంది: గట్టు మీద దిగుదామా, గట్టు కింద దిగుదామా?

ఒక సోమవారం సాయంత్రం అక్కడికి రెండు కుటుంబాలు వచ్చాయి.

మొదటిది కోరుట్ల నుంచి. ఇంటాయన దుబాయిలో పనిచేస్తాడు. సెలవు మీద వచ్చి కొత్త కారు కొన్నాడు. కారు పూజ కొండగట్టులోనే చేయించాలని భార్యనూ ఇద్దరు పిల్లలనూ తీసుకుని బయలుదేరాడు. వారం ముందే ఫోన్ చేసి, గుడికి ఆనుకున్నట్టుండే గది చెప్పిపెట్టుకున్నాడు. కిటికీ తీస్తే గోపురం కనబడాలని ఆయన పట్టు. "ఇన్నేండ్లకు వచ్చినం, దేవుని ముంగటనే దిగాలె" అన్నాడు. కిరాయి ఎంతని కూడా అడగలేదు.

రెండోది సిరిసిల్ల నుంచి. సాంచెలు (మరమగ్గాలు) నడిపే నేతకారుడు, ఆయన తల్లి. తల్లికి మోకాళ్ల నొప్పులు. గట్టు మీద మొక్కు ఉందని ఏడాదిగా అంటోంది. స్టేజి దగ్గర దిగగానే కొడుకు పైకి చూశాడు. "పైన అర్రలు నిండినయట అవ్వా. ఒకటో రెండో ఉన్నా కిరాయి చానా చెప్తున్నరు" అన్నాడు. తల్లి వెంటనే "కిందనే ఉందాం కొడుకా. చీకట్ల ఆ ఘాటు రోడ్డు నాకొద్దు" అంది.

ఆ భయం ఆమె ఒక్కదానిది కాదు. 2018 సెప్టెంబరు 11న ఆ ఘాటు రోడ్డు దిగుతున్న ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవై మందికి పైగా చనిపోయారు. చుట్టుపక్కల పల్లెల్లో ఆ దుఃఖం ఇంకా పచ్చిగానే ఉంది. కొడుకు మారు మాట్లాడలేదు. కింద చౌకలో ఒక గది తీసుకున్నాడు.

మూడో కుటుంబం అంతకు నాలుగు రోజుల ముందే గట్టు ఎక్కింది. వాళ్లు జగిత్యాల దగ్గరి పల్లెకు చెందిన అన్నదమ్ములు. మామిడి తోట రైతులు. కాయ అంతా చల్‌గల్ మార్కెట్‌కు తోలిన తర్వాత అన్న తమ్ముణ్ని తీసుకొచ్చాడు. తమ్ముడికి కొన్ని నెలలుగా నిద్ర లేదు, మనిషితో మాట లేదు. డాక్టరు రాసిన గోలీలు వేళకు వేస్తూనే, పెద్దల మాట మీద 40 రోజులు స్వామి దగ్గర ఉంచుదామని వచ్చారు. మనసు బాగోలేని వాళ్లను ఇట్లా గట్టు మీద ఉంచి సేవ చేయించడం ఇక్కడ ఎప్పటి నుంచో ఉన్నదే. వాళ్లకు గది లేదు. సత్రం వరండాలో ఒక మూల చాప, ఒక ట్రంకు పెట్టె, మూడు రాళ్ల పొయ్యి. అదే కాపురం.

ఆ రాత్రి కోరుట్ల ఆయన గదిలో ఎవరికీ కన్ను మూతపడలేదు. గోపురం కనబడే కిటికీలోంచే మైకు మోత కూడా వచ్చింది. కింద లైను కట్టిన జనం మాటలు, కొబ్బరికాయలు కొట్టిన చప్పుడు, తప్పిపోయిన పిల్లల పేర్లు పిలిచే గొంతు. కాస్త సద్దుమణిగిందనుకుంటే ఒక కోతి ఊచల్లోంచి చెయ్యి పెట్టి పరదా లాగింది. చిన్నపిల్ల ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది. తెల్లారేసరికి ఇంట్లో నలుగురి కళ్లూ ఎర్రబడ్డాయి. పిల్లకు పాలు కావాలి. ఆయన కారు తీసి కిందికి బయలుదేరాడు.

ఘాటు రోడ్డు సగం దిగాక, మలుపు దగ్గర పిట్టగోడ మీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. చెప్పులు విడిచి రెండు చేతులతో మోకాలు పట్టుకుంది. పక్కనే కొడుకు చేతిలో కొబ్బరికాయ సంచీ. ఆటో దొరక్క నడిచి బయలుదేరారు. ఆమె కాళ్లు అక్కడికే ఆగిపోయాయి.

కోరుట్ల ఆయన కారు ఆపాడు. "కూసో అవ్వా, పైన దింపుత."

"నువ్వు కిందికి పోతున్నవు కద బిడ్డా."

"పాలకు పోతున్న. నిన్ను దింపి మళ్ల పోత. నాకు అయిదు నిమిషాల పని."

కారు తిప్పుకుని పైకి ఎక్కుతుంటే మాట మీద మాట వచ్చింది. ఏం మొక్కు అని ఆయన అడిగాడు. ఆమె కాసేపు ఊరుకుని, "గట్టు మీద ఒక రాత్రి నిద్ర చేస్త, తెల్లారి స్వామి మొఖం చూసి పోత అని మొక్కుకున్న" అంది.

కొడుకు తల తిప్పి తల్లి వైపు చూశాడు. "నాకెందుకు చెప్పకపోతివే? రాత్రి కింద పండుకుంటివి గద?"

"చెప్తే పైన అర్ర కోసం ఊరంతా తిరుగుతవు. అప్పు జేసి అయినా తీసుకుంటవు. నెల దినాల సంది సాంచెలు బందే గదరా. దేవునికి తెల్వదా నా కష్టం, మన్నిస్తడు అనుకున్న."

కోరుట్ల ఆయనకు గొంతులో ఏదో అడ్డుపడింది. గుడి ముందు కారు ఆపి, గదికి పోయి భార్యకు సంగతి చెప్పాడు. ఆమె మొత్తం వినకముందే సంచులు సర్దడం మొదలుపెట్టింది. "పిల్లలు ఈడ పండుకుంటలేరు. మనకు కారున్నది. కింద ఉంటే ఎప్పుడంటే అప్పుడు వస్తం. ఆ అవ్వకు కారున్నదా?"

ఆయన తాళంచెవి తెచ్చి సిరిసిల్ల ఆయన చేతిలో పెట్టాడు. "ఈ రాత్రికి కూడ కిరాయి కట్టేసిన తమ్మీ. మీ కింది అర్ర మాకియ్యి. కాకపోతే మైకు మోత చానా ఉంటది, నిద్ర పట్టదు."

సిరిసిల్ల ఆయన నవ్వాడు. "చప్పుడు మాకు అలవాటే అన్నా. సాంచెల నడుమ పండేటోళ్లం. చప్పుడు ఆగితేనే మాకు మెలకువ వస్తది."

కానీ తల్లి తాళంచెవి ముట్టలేదు. సత్రం వరండాలో ఉన్న అన్నదమ్ముల వైపు చూపించింది. "నాది ఒక్క రాత్రి ముచ్చట. వాళ్లు 40 రోజులు ఉండేటోళ్లు. ఆ పోరగాడు చూడు, ఎట్లున్నడో. గోడలున్న అర్ర వాళ్లకియ్యి బిడ్డా."

ముగ్గురూ వరండా దగ్గరికి పోయి అడిగారు. అన్న లేచి నిలబడి దండం పెట్టాడు. "మీ మంచితనం మర్చిపోను అవ్వా. కానీ అర్ర మాకొద్దు. ఇంటికాడ వీనికి అర్ర ఉండె. తలుపేసుకుని గోడతోని మాట్లాడుడే. ఈడ తలుపు లేదు. పొద్దున లేస్తే ఒక తల్లి నీళ్లు తెమ్మంటది, ఇంకొకాయన పొయ్యి ఊదమంటడు. మాలెక్కనే వచ్చినోళ్లు ఇంకో రెండు కుటుంబాలున్నయి. నిన్న రాత్రి వీడు వాళ్లల్ల ఒక పిల్లగానికి తన దుప్పటి కప్పిండు. ఎన్ని నెలలైందో వీడు ఇంకొకని దిక్కు చూడక. ఈ మూల మా తమ్ముని మందులల్ల ఒకటి."

అప్పుడు తమ్ముడు బిందె పట్టుకుని వచ్చాడు. ఎవరి మొహమూ చూడలేదు గానీ ముసలమ్మ ముందు చెంబుడు నీళ్లు పెట్టి పోయాడు.

పక్కనే కొబ్బరికాయలమ్మే పెద్దవ్వ ఇదంతా వింటోంది. గంపలో కాయలు సర్దుతూనే అంది:

"మీరు ఈ గట్టు కథ వినలేదా బిడ్డా? సింగం సంజీవుడని ఒక పశువులగాసేటాయన. ఆవు తప్పిపోతే ఈ గుట్టలన్ని వెతికి అలసి ఒక చెట్టు కింద పండుకున్నడు. స్వామి కలలకొచ్చి, నేను కోరింద పొదల ఉన్న, ఎండా వానా ముండ్లూ తాకకుంట నాకు ఇంత నీడ చెయ్యి, నీ ఆవు జాడ అదిగో అన్నడట. లేచి చూస్తే పొదల స్వామి ఉన్నడు, ఆవూ దొరికింది. మొదలు కట్టింది ఒక చిన్న గుడే. చూడుర్రి, ఆ స్వామి మేడ అడగలేదు. నా బాధ గిది, నాకు గింత గావాలె అని చెప్పిండు. మీరు ముగ్గురు కూడ నిన్న రాత్రి ఆ ముక్క చెప్పి ఉంటే, ఈ తాళంచెవి ఇన్ని చేతులు తిరగకపోవు."

సిరిసిల్ల అవ్వ తాళంచెవి తీసుకుంది. ఆ రాత్రి మైకు మోతలోనే కాళ్లు చాపుకుని నిద్రపోయింది. బుధవారం తెల్లవారుజామున కొడుకు భుజం పట్టుకుని నాలుగడుగులు వేసి, ఒక ముఖం నరసింహుడిదీ ఒక ముఖం ఆంజనేయుడిదీ అయిన స్వామిని కళ్లారా చూసింది. కోరుట్ల పిల్లలు గట్టు కింద ఒళ్లు తెలియకుండా పడుకుని, మర్నాడు ఎగురుకుంటూ పైకి వచ్చి కొత్త కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. అన్నదమ్ములు తమ మూలలోనే ఉండిపోయారు.

నీతి: బస గొప్పదా కాదా అని చూడకు. వచ్చిన పని ఏదో, వెంట వచ్చినవాళ్లలో ఎవరికి కష్టం ఎక్కువో చూసి బస ఎంచుకో.

ఈ కథలో చెడ్డ గది ఒక్కటీ లేదు. గుడి ముందరి గది, గట్టు కింది గది, తలుపు లేని వరండా మూల, మూడూ మంచివే. మొదటి రాత్రి రెండు గదుల్లో ఒకరి చోట ఒకరు పడుకున్నారు, అంతే. ఒకాయన హోదా చూసి ఎంచుకున్నాడు. ఒకాయన కిరాయి చూసి ఎంచుకున్నాడు. అన్న మాత్రం తమ్ముణ్ని చూసి ఎంచుకున్నాడు, అందుకే ఆయన మారవలసిన పని పడలేదు.

కాబట్టి ఏ ఊరికి పోయినా గది అడిగే ముందు ఇంట్లోవాళ్లను అడగాలి. కాళ్లు నొప్పులున్న వాళ్లుంటే పైకీ కిందికీ తిరగడం ఒక్కసారితో అయిపోవాలి, వాళ్లను గుడి పక్కన దింపాలి. బండి ఉన్నవాళ్లకు దూరం భారం కాదు, దగ్గరి గది వాళ్లు వదులుకోవచ్చు. పసిపిల్లలుంటే నిద్ర ముఖ్యం. చాలా రోజులు ఉండేవాళ్లకు నీళ్లు, పొయ్యి, పలకరించే మనిషి ముఖ్యం. చీకట్లో ఘాటు రోడ్డు అంటే భయపడేవాళ్లను పగలే పైకి చేర్చాలి. ఆ భయాన్ని తీసిపారేయకూడదు.

మన చుట్టూ ఉన్న క్షేత్రాలు ఒక్కోటి ఒక్కో రకం. వేములవాడలో సోమవారం రాజన్న దర్శనానికి ఆదివారం రాత్రికే జనం చేరతారు. ధర్మగుండంలో స్నానం చేసి కోడె మొక్కు చెల్లించాలనుకునేవాళ్లకు గుడి చుట్టుపక్కల బస ఉంటేనే సుఖం. ధర్మపురిలో తెల్లవారుజామునే గోదావరిలో మునగాలనుకునేవాళ్లు ఏటి ఒడ్డు చూసుకోవాలి. ఎండపొద్దుకు నరసింహస్వామి దర్శనం చేసుకుని వెళ్లిపోయేవాళ్లు జగిత్యాలలో దిగినా ఏమీ తక్కువ కాదు.

దూరదేశాల్లోనూ ఇదే లెక్క. ఇటలీలో సెయింట్ ఫ్రాన్సిస్ పుట్టిన అస్సీసి గుట్ట మీది ఊరు. రైలు దిగేది మాత్రం కింద మైదానంలో. తెల్లవారి గంటలు వింటూ ఆ రాతి వీధుల్లో నడవాలనుకునేవాళ్లు పైన ఉంటారు. పొద్దున్నే రైలు ఎక్కాల్సినవాళ్లకు కిందే మేలు. అదే దేశంలో మరో గుట్ట ఊరు ఓర్వియెటోలో అయితే స్టేషను ముందు నుంచే గుట్ట మీదికి తాడుతో లాగే బండి ఉంది. 1888లో మొదలైంది. అక్కడ కింద దిగినా ముసలివాళ్లకు ఎక్కే బాధ ఉండదు. ఊరు మారితే తోవ మారుతుంది, తోవ మారితే బస మారుతుంది. అడగవలసిన ప్రశ్న మాత్రం మారదు.

ఇంకొక్క మాట, పెద్దవాళ్లతో. మీ మొక్కునూ మీ నొప్పినీ పిల్లలకు బరువవుతుందని దాచుకోకండి. సిరిసిల్ల అవ్వ దాచుకున్నది కొడుకు మీది ప్రేమతోనే. కానీ ఆమె దాచినందువల్లే ఆ కొడుకు తల్లిని తప్పుడు చోట పడుకోబెట్టాడు. పిల్లలు కూడా ఎంతకు దొరుకుతుందని అడిగే ముందు, నీకు ఎక్కడ ఉండాలని ఉంది అమ్మా అని ఒక్కసారి అడగాలి. చెప్పడం పెద్దల వంతు, అడగడం పిల్లల వంతు. ఆ రెండూ జరిగిన ఇంటికి ఏ ఊళ్లోనైనా సరైన బస దొరుకుతుంది.