కొయ్య గుండీ

మొన్న పాత ఫొటోల పుస్తకమొకటి తిరగేస్తూంటే ఒక బొమ్మ దగ్గర చెయ్యి ఆగిపోయింది. 1950ల నాటి ఇంగ్లండు. చలికాలం, ఫుట్‌బాల్ ఆట. వేలాదిమంది మగవాళ్ళు మెట్ల మీద కిక్కిరిసి నిలబడి ఉన్నారు. నెత్తిన బల్లపరుపు టోపీ, మెడకి మఫ్లరు, ఒంటిమీద బరువైన ఓవర్‌కోటు. ఆ జనంలో ఒకాయన మాత్రం తలకి ముసుగున్న ముతక ఉన్ని కోటు తొడుక్కున్నాడు. దాన్ని డఫుల్ కోటంటారు.

"మగవాళ్ళ కోట్ల గొడవ మనకెందుకమ్మా" అంటారేమో. కాస్త ఆగండి, గుండీ దగ్గరికి వస్తున్నాను.

ఆ కోటు ఆటల కోసం పుట్టింది కాదు. బెల్జియంలో డఫెల్ అనే ఊరి పేరు ఆ ముతక గుడ్డకి వచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ నౌకాదళం వాళ్ళు ఓడ మీద కాపలా కాస్తూ వేసుకున్నారు. సేనాని మాంట్‌గొమరీ కూడా వేసుకోవడంతో నలుగురి కంటా పడింది. యుద్ధం అయ్యాక మిగిలిపోయిన కోట్లు అమ్మకానికొచ్చాయి. 1941 నుంచి 1949 దాకా బట్టలకి రేషను కూపన్లున్న దేశమది. కొత్త కోటు గగనమైనవాళ్ళకి ఇది వరమే కదా! ఆ చలి కూడా సామాన్యమైంది కాదు. 1963లో మైదానాలు గడ్డకట్టి, ఎఫ్.ఏ. కప్పు పోటీలో మూడో రౌండొక్కటే ముగియడానికి 66 రోజులు పట్టిందట.

ఇక గుండీ సంగతి. ఆ కోటుకి చిన్న గుండీలుండవు. వేలంత కొయ్యముక్క, దానికెదురుగా తాడు ఉచ్చు. ఎందుకంటే చలికి వేళ్ళు మొద్దుబారిపోతాయి, చేతులకి గ్లౌజులుంటాయి. కొయ్యముక్కయితే గ్లౌజు తియ్యకుండానే ఉచ్చులో దూర్చెయ్యొచ్చు.

ఇది చదవగానే మా అత్తగారు గుర్తొచ్చారు.

ఒక సంక్రాంతికి ఆవిడకి ఖరీదైన ఉన్ని స్వెట్టరు కొన్నాను. మెడ నుంచి కింది దాకా ముత్యాల్లాంటి సన్న గుండీలు. చూసినవాళ్ళంతా నా అభిరుచిని మెచ్చుకున్నారు. అత్తగారు మాత్రం దాన్ని మడిచి పెట్టెలో పెట్టి, పాత దుప్పటే కప్పుకుని కూచునేవారు. "నేను కొన్నది కదండీ, అందుకే ఆవిడకి ఆనదు" అని మావారి దగ్గర ఎన్నిసార్లు సణిగానో!

ఒక తెల్లవారుఝామున పాల కోసం లేచి చూద్దును కదా, ఆవిడ దీపం దగ్గర ఆ స్వెట్టరు తొడుక్కుని కూచున్నారు. కణుపులు వాచిన వేళ్ళు. గుండీ పట్టుకుంటారు, జారిపోతుంది. మళ్ళీ పట్టుకుంటారు. చివరికి నిట్టూర్చి, విప్పి, జాగ్రత్తగా మడిచి పెట్టెలో పెట్టేశారు. నన్ను పిలవలేదు. నేనూ తలుపు చాటు నుంచి కదల్లేదు.

ఆ వారమే సన్న గుండీలు తీసేసి పెద్దవి కుట్టాను. ఒక్క శీతాకాలం వేసుకున్నారు. ఆ మరుసటి శీతాకాలానికి ఆవిడ లేరు.

నౌకాదళానికి ఆ నావికుడి మీద ప్రేమేం లేదు. కాపలావాడు గడ్డకడితే ఓడకే ముప్పు కాబట్టి, అవసరం కొద్దీ వాడి వేళ్ళ గురించి ఆలోచించారు. నాది ప్రేమే. ఇరవై ఏళ్ళు ఆ చేతివంట తిన్నదాన్ని, ఆ చేతులెలా ఉన్నాయో చూడలేదు.

"మంచి మనసుతోనే ఇచ్చాను కదా" అని ఇన్నాళ్ళూ సరిపెట్టుకున్నాను. కాని నేను కొన్నది ఆవిడ చలి కోసమా, చూసేవాళ్ళ మెప్పు కోసమా? ఇచ్చేముందు పుచ్చుకునే చేతిని ఒక్కసారి చూడనిదాన్ని పెట్టుపోత అనొచ్చునా?

మీరేమంటారు?