మరియొక యంత్రము కొనవచ్చునా?

పాత పిన్‌బాల్ యంత్రములను సేకరించు ఒక అమెరికా గృహస్థునికి, 1947లో షికాగోలో గాట్లీబ్ కంపెనీ చేసిన హంప్టీ డంప్టీ అమ్మకమునకు దొరికినదనుకొనుడి. విద్యుత్తుతో బంతిని కొట్టు ఆరు చిన్న రెక్కలను మొదట దానికే అమర్చిరి. అంతకుముందు బంతిని తోసి, బల్లను కుదుపుటయే ఆట. 1942లో న్యూయార్కు నగరము ఇట్టి యంత్రములను జూదమని నిషేధించి, సుత్తులతో పగులగొట్టించెను. 1976 వరకు ఆ నిషేధము తొలగలేదు. గనుక మిగిలినవాటిని కాపాడుట మంచి పనియే.

అయితే అతని యింట ఇదివరకే పది యంత్రములు దుప్పట్ల క్రింద నున్నవి. పొరుగువాడే దీనిని కొని, ఎప్పుడైనను వచ్చి ఆడుకొమ్మని పిలిచినయెడల ఇతడు సంతోషించునా? మనసు చివుక్కుమనినచో, ఇతడు కోరినది యంత్రమును కాదు, నాది అను మాటను. ఆ మాటకు అంత వెల యిచ్చుట నాకు సమ్మతము కాదు. దుప్పట్లు తీసి వీధి పిల్లలను పిలుచునట్లయితే మాత్రము, కొనుమనియే చెప్పుదును.