ఫీజు కట్టే ముందు

శ్రీకాకుళం

చిరంజీవి మేనకోడలికి,

నీ ఉత్తరం అందింది. డిగ్రీ అయిపోయింది, పారాలీగల్ సర్టిఫికెట్ కోర్సులో చేరతానంటున్నావు. ఆరు నెలలు, అంతా ఆన్‌లైన్‌లోనే, ఫీజు 35,000. అమ్మ డ్వాక్రా సంఘంలో అప్పు తీసి కడతానందని కూడా రాశావు. చేరమంటావా, వద్దంటావా అని అడిగావు. ఒక్క ముక్కలో తేల్చేస్తే నీకు మేలు చేసినట్టు కాదు. కోర్టు ఆఫీసులో పనిచేసి రిటైరైనవాణ్ని కాబట్టి నాకు తెలిసినంత వివరంగా చెబుతాను.

ముందు డబ్బు సంగతి చూద్దాం. పారాలీగల్ పని చేయాలంటే ఫలానా సర్టిఫికెట్ ఉండి తీరాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పలేదు. మన కోర్టు ఊళ్లలో ప్లీడర్ల గుమాస్తాలను ఎంతోమందిని చూశాను. సర్టిఫికెట్ చూపించి పనిలో చేరినవాళ్లు నాకు తగల్లేదు. సీనియర్ గుమాస్తా వెంట తిరిగి, కేసు కట్టలు సర్దడం, వాయిదాల డైరీ రాయడం, కాపీలకు దరఖాస్తు పెట్టడం, కోర్టు ఫీజు లెక్క కట్టడం చేతులారా నేర్చుకున్నవాళ్లే అందరూ. హైదరాబాద్‌లో పెద్ద లా ఆఫీసులు, కంపెనీలు లేకపోలేదు. కానీ అక్కడ నీకు పోటీ ఎల్ఎల్‌బీ చదివి, ఇంగ్లీషులో డ్రాఫ్టింగ్ చేయగలిగినవాళ్లతో. అమెరికాలో పారాలీగల్ అంటే స్థిరపడిన వృత్తి, అక్కడి బార్ అసోసియేషన్ కోర్సులకు ఆమోదం కూడా ఇస్తుంది. ఆ దేశపు జీతాలు చూసి ఇక్కడ లెక్క వేసుకోకమ్మా.

నీకయ్యే ఖర్చు 35,000తో ఆగదు. సంఘం వడ్డీ ఉంది, ఆర్నెల్ల పాటు ఇంకో సంపాదన లేకుండా కూర్చోవడం ఉంది, వాయిదా తప్పితే సంఘంలో మీ అమ్మ మాట పోవడం ఉంది. రాబడి ఎంతో తెలియాలంటే నువ్వే వెళ్లి కనుక్కోవాలి. రాజాం, చీపురుపల్లి కోర్టుల దగ్గర నలుగురు ప్లీడర్లను అడుగు. సర్టిఫికెట్ లేకుండా ఇప్పుడు చేరితే ఎంతిస్తారు, ఉంటే ఎంతిస్తారు అని. ఆ రెండు అంకెల మధ్య తేడా ఎంతో, ఆ కోర్సు విలువ అంతే. తేడా ఏమీ లేదని వాళ్లంటే అమ్మ చేత సంతకం పెట్టించకు.

ఈ చదువును పైసా తీసుకోకుండా నేర్పే చోటు మన దగ్గరే ఉంది. 1987లో వచ్చిన న్యాయసేవాధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9 నుంచి అమల్లో ఉంది. దాని కింద ప్రతి జిల్లా కోర్టు ఆవరణలోనూ జిల్లా న్యాయసేవాధికార సంస్థ పనిచేస్తుంది. జాతీయ సంస్థ నల్సా 2009లో పారా లీగల్ వాలంటీర్ల పథకం తెచ్చింది. ఎంపికైనవాళ్లకు శిక్షణ, గుర్తింపు కార్డు ఇస్తారు. న్యాయ సహాయ క్లినిక్కులకు, జైళ్లకు, పల్లెలకు పంపుతారు. పనిచేసిన రోజుకు గౌరవ వేతనం ఉంటుంది. అది ఉద్యోగం కాదు, నెల జీతం రాదు, ఆ ఆశతో వెళ్లకు. ఈ పని నీకు నచ్చుతుందో లేదో అప్పు చేయకుండా అక్కడ తెలుస్తుంది. యూనివర్సిటీ కాగితం కావాలనుకుంటే ఇగ్నోలో పారాలీగల్ ప్రాక్టీస్ డిప్లొమా ఉంది, ఇంటర్ అర్హత, కనీసం ఏడాది చదువు.

మన జిల్లాల్లో ఈ పని కొత్తదేమీ కాదు. 2000లో ప్రపంచ బ్యాంకు రుణంతో వెలుగు పథకం మొదట ఆరు జిల్లాల్లో మొదలైంది. వాటిలో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. తర్వాత అది ఇందిరా క్రాంతి పథం అయింది. అందులోని భూమి విభాగం పల్లె యువతనే ఎంచుకుని పారాలీగల్స్‌గా, కమ్యూనిటీ సర్వేయర్లుగా తయారుచేసింది. పేదవాడి పేరు అడంగల్‌లో ఎందుకు ఎక్కలేదు, పట్టా చేతిలో ఉన్నా భూమి ఎవరి సాగులో ఉంది, ఏజెన్సీలో 1/70 చట్టం ఉండగా గిరిజనుడి పొలం పరాయి చేతికి ఎలా వెళ్లింది అని వాళ్లు ఊరూరా వెతికి, కాగితాలు కూర్చి, తహసీల్దారు దాకా తీసుకెళ్లారు. ఫీజులు కట్టి కొనుక్కున్న చదువు కాదది. ఊరు తెలిసినవాళ్లకు చట్టం నేర్పారు. నీకు ఊరు తెలుసు. అంతకంటే పెద్ద అర్హత ఏ ఆన్‌లైన్ క్లాసూ ఇవ్వలేదు.

ఈ పని విలువ ఎక్కడుందో కూడా చెప్పాలి. 2014 జూన్ 28న చెన్నై దగ్గర మౌలివాక్కంలో కడుతున్న పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. పొట్ట చేతపట్టుకుని వెళ్లిన మన రెండు జిల్లాల కూలీలూ వాళ్లలో ఉన్నారు. వలస వెళ్లినవాడు పరాయి రాష్ట్రంలో పోతే ఇంట్లో ఉన్న భార్యకు మరణ ధ్రువపత్రం కావాలి, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ కావాలి, బ్యాంకు ఖాతాలో పేరు ఆధార్‌తో కలవాలి. పరిహారం దరఖాస్తు తానుండే చోటే పెట్టుకోవచ్చని అప్పటి ఉద్యోగుల పరిహార చట్టంలో ఉంది. ఆ ఒక్క సంగతి చెప్పేవాళ్లు లేక చెన్నై రైలెక్కాల్సి వస్తే ఆ ఇల్లు ఏమవుతుంది? స్త్రీలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును పెడతారని కూడా మన పల్లెల్లో చాలామందికి తెలియదు.

తల్లీ, నాకు భయం కూడా ఇక్కడే. కాగితం అంటే బెదిరిపోయినవాళ్లు నీ దగ్గరికొస్తారు. "తహసీల్దారు ఆఫీసులో నాకు మనిషి ఉన్నాడు, ఐదువేలు తే" అనడం ఆ క్షణంలో చాలా తేలిక. గురజాడ వారు కన్యాశుల్కంలో చూపించిన రామప్పంతులు అలా జనం తగాదాల మీద బతికినవాడే. ఆ వంశం ఇంకా అంతరించలేదు. నీకు తెలియని చోట తెలియదని చెప్పి వకీలు దగ్గరికి పంపు. అడ్వకేట్ కాకుండా కోర్టులో వాదించడానికి అడ్వకేట్స్ చట్టం ఒప్పుకోదు. ఆరు నెలల దాకా శిక్ష ఉంది. శిక్ష సంగతి అటుంచు, తప్పు సలహాతో గడువు దాటిపోతే ఒక కుటుంబం హక్కే పోతుంది.

నీకు డిగ్రీ ఉంది కనుక లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీ చదవవచ్చు. ఎచ్చెర్ల అంబేద్కర్ యూనివర్సిటీలోనే ఆ కోర్సు ఉంది. బార్ కౌన్సిల్‌లో పేరు నమోదుకు జనరల్‌కు 750, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలకు మించి తీసుకోకూడదని 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. మూడేళ్లు ఎక్కువేనమ్మా, నాకూ తెలుసు. అయినా ఆర్నెల్ల సర్టిఫికెట్ నిన్ను కోర్టు గుమ్మం దాకా తెస్తుంది, ఎల్ఎల్‌బీ లోపల నిలబెడుతుంది. అప్పు చేయక తప్పదనుకుంటే రెండోదానికే చెయ్యి.

ఈ నెల ఆ ఫీజు కట్టకు. సోమవారం జిల్లా కోర్టుకు వెళ్లి, న్యాయసేవాధికార సంస్థ ఆఫీసులో పారా లీగల్ వాలంటీర్ల ఎంపిక ఎప్పుడో కనుక్కో. ప్లీడర్లు చెప్పిన రెండు అంకెలూ ఉత్తరంలో రాయి. ఆ తర్వాత కూడా కోర్సు కావాలనే నీకనిపిస్తే, అమ్మ చేత అప్పు చేయించకుండా నాతో చెప్పు.

ఆశీస్సులతో,
మీ మావయ్య