హక్కుకు రెండో కొస

మా నాన్నకు చదువు రాదు. విత్తనాలకు అప్పు తెచ్చినప్పుడల్లా షావుకారు ప్రోనోటు రాసేవాడు, నాన్న వేలిముద్ర వేసేవాడు. అందులో ఏం రాశారని ఒకసారి అడిగాను. "అప్పిచ్చినోడే గదరా రాసేది. ఆయనకు హక్కుంటది" అన్నాడు. ఆ జవాబులో తప్పేమిటో నాకు చాలాకాలం తోచలేదు.

హక్కు అనే మాట అరబ్బీది. పారశీకం, ఉర్దూల మీదుగా, పాలకుల దఫ్తరాలతోపాటు మన పల్లెలకు వచ్చింది. కౌలు, బాకీ, వసూలు, జప్తు కూడా ఆ దారిన వచ్చినవే. దున్నటం, విత్తటం, కొయ్యటం మన మాటలు; పండినదాన్ని లెక్కగట్టి పట్టుకుపోయే మాటలు దఫ్తరంవి. అంచేత హక్కు కూడా మనకు దఫ్తరపు మాటగానే పరిచయమైంది. పట్టాలో రాసి ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

పుట్టినచోట ఆ మాట ఇంత ఇరుకైనది కాదు. ప్రాచీన అరబ్బీలో "హఖ్" అంటే సత్యం, నిజంగా ఉన్నది. దానికి ఎదురుమాట "బాతిల్", అంటే అసత్యం, చెల్లనిది. న్యాయంగా ఒకరికి చెందవలసింది కూడా హఖే. ఇస్లాంలో దేవుడి పేర్లలో అది ఒకటి. వాస్తవమనే అర్థంలో ఉర్దూవారు వాడే "హకీకత్" ఆ ధాతువునుంచే వచ్చింది. 922లో బగ్దాదులో హల్లాజ్ అనే సూఫీని చిత్రవధ చేసి చంపారు. తానే హఖ్‌నని అతను ప్రకటించాడని ప్రతీతి. ఆ శిక్ష వెనక ఖలీఫా దర్బారు రాజకీయాలు కూడా ఉన్నాయి. సత్యం ఎవరిదనేది ఏ దర్బారుకైనా వట్టి వేదాంత ప్రశ్న కాదు.

కాని నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది చిన్న వ్యాకరణ విషయం. "లహు హఖ్" అంటే అతనికి రావలసింది ఉందని అర్థం. "అలైహి హఖ్" అంటే అతని మీద హఖ్ ఉంది, అతను ఇవ్వవలసింది ఉందని అర్థం. ఒక్క విభక్తి మారితే హక్కు కాస్తా బాకీ అవుతుంది. తాడు ఒకటే, కొసలు రెండు. సిరియా, లెబనాన్ల వాడుకభాషలో నేటికీ "హఖ్ నీ మీద ఉంది" అంటే తప్పు నీదని అర్థం. తెలుగులోకి వచ్చేసరికి ఈ రెండో కొస తెగిపోయింది. మనం "ఒకరి మీద హక్కు" అంటే అతన్ని శాసించే అధికారమే స్ఫురిస్తుంది గాని, అతను చెల్లించవలసినది స్ఫురించదు. అందుకే పేదలకు హక్కులున్నాయని తీర్మానాలు చేస్తాం. అవి ఎవరు పడ్డ బాకీలో చెప్పం.

ఖురాన్ రెండో అధ్యాయం 282వ వాక్యంలో అప్పుపత్రం రాసే పద్ధతి ఉంది. అక్కడ అప్పు తీసుకున్నవాణ్ణి "ఎవని మీద హఖ్ ఉందో అతను" అనే చెప్పారు. పత్రంలో ఏం రాయాలో లేఖకుడికి చెప్పవలసింది అతనే, అప్పిచ్చినవాడు కాదు. ఏమీ తగ్గించకుండా చెప్పాలి. చెప్పలేనివాడైతే అతని తరఫు మనిషి న్యాయంగా చెప్పాలి. ఇది చదివిననాడు నాన్న వేలిముద్ర గుర్తొచ్చింది. ఆ గదిలో నాన్న తరఫున చెప్పే మనిషి లేడు. అప్పిచ్చినవాడే రాసుకోవటం ప్రకృతిధర్మమేమీ కాదని నాకు అప్పుడు తెలిసింది.

అదే గ్రంథం ఉన్నవాళ్ల ఆస్తిలో అడిగేవాడికీ, లేనివాడికీ హఖ్ ఉందంటుంది. అంటే వాళ్లకిచ్చేది దానం కాదు, బాకీ. దాతకు సన్మానం చేస్తాం. బాకీ తీర్చినవాడికి ఎవరూ దండ వెయ్యరు.

అయితే మాట గొప్పదనం చూసి, ఆ మాట పలికిన సమాజమంతా గొప్పదనుకోవటం పండితుల జబ్బు. ఈ మాట ఏలిన సామ్రాజ్యాలలో బానిసలున్నారు. నిజాం రాజ్యపు దఫ్తరాలలో ఈ మాట ఉంది, ఊళ్లలో వెట్టిచాకిరీ కూడా ఉంది. లేనివాడికి హఖ్ ఉందనే సూత్రం ఉన్నవాణ్ణి ఉన్నవాడుగానే ఉంచుతుంది. అంత ఆస్తి అతనికెలా వచ్చిందని అడగదు. ఆ ప్రశ్నను 1946–51 మధ్య తెలంగాణ రైతులు అడిగారు. వాళ్లు నిఘంటువులు తిరగెయ్యలేదు, భూమి పంచుకున్నారు. రక్షిత కౌలుదారును గుర్తించిన హైదరాబాదు కౌలుదారీ చట్టం 1950లో, ఆ పోరు సాగుతుండగా వచ్చింది.

మరి ఈ మాటతో మనకేం పని? హక్కులనేవి బూర్జువా భావనలని కొట్టిపారేసే మిత్రులున్నారు. 1844లో అచ్చయిన "యూదు ప్రశ్న గురించి" అనే వ్యాసంలో మార్క్స్ విమర్శించింది మనిషిని తోటి మనిషినుంచి విడదీసే హక్కును. అంటే, నా దృష్టిలో, రెండో కొస తెగిన హక్కునే. దానికి మందు హక్కును పారెయ్యటం కాదు, తెగిన కొసను వెతికి పట్టుకోవటం. కూలి రేటు గురించి, కౌలు గురించి, బడి గురించి హక్కు అన్నప్పుడల్లా, అది ఎవరి మీద ఉన్నదో పేరుపెట్టి చెప్పాలి.

అలా చెప్పటం మొదలుపెడితే నేనూ తప్పించుకోలేను. నా కాలేజీ ఫీజులు ఆ వేలిముద్రల మీదే వచ్చాయి. ఇవాళ నెల తిరిగేసరికి జీతం అందుకుంటూ, పాఠం చెప్పటం నా ఉదారత అన్నట్టు కొన్నిసార్లు మాట్లాడుతుంటాను. ఎదురుగా బెంచీ మీద కూర్చున్న కూలివాళ్ల పిల్లలకు నా దగ్గర రావలసింది ఉంది. ఎంత ఉందో, ఏమీ తగ్గించకుండా, ముందు చెప్పవలసింది నేనే.