శుక్రాచార్యుని ముందుచూపు

నర్సీపట్నమునకు చేరువనే, వరాహనదీ తీరమున బలిఘట్టమను గ్రామము కలదు. అచ్చట నది ఉత్తరవాహిని. బ్రహ్మలింగేశ్వరుని ఆలయము కలదు. బలిచక్రవర్తి యజ్ఞము చేసిన తావు ఇదియేనని ఆ ప్రాంతమువారి విశ్వాసము. శ్రీమద్భాగవతము అష్టమస్కంధమున మాత్రము ఆ యజ్ఞవాటిక నర్మద యుత్తరతీరమున, భృగుకచ్ఛమున నున్నట్లు చెప్పబడినది. ఈ భేదమును తర్కించుట మన పని కాదు. బలి పేరు చెవిని బడగనే వామనమూర్తి తలపునకు వచ్చును. ఆ వెంటనే శుక్రాచార్యుడును.

ముందుచూపు, దూరదృష్టి, దీర్ఘదర్శిత్వము - పేరేదైనను, రానున్నదానిని ఇప్పుడే కనుట. ఆ చూపు శుక్రునకు పుష్కలముగా నుండెను. వచ్చిన వటువు విష్ణువని, రెండడుగులలో లోకములన్నియు పోవునని, మూడవ యడుగునకు చోటుండదని ముందే చెప్పెను. అందొక్క మాటయు తప్పలేదు. విత్తమును ధర్మమునకు, కీర్తికి, అర్థవృద్ధికి, భోగమునకు, స్వజనమునకు ఐదు పాళ్లు చేసికొనువాడు ఇహపరములందు సుఖించునని ఆయన చెప్పిన హితవు గృహస్థులకు నేటికిని శిరోధార్యమే. దానము పేర ఆలుబిడ్డలను వీధిపాలు చేయుట యెవరికిని సమ్మతము కాదు.

మరి ఆచార్యుని లోపమెక్కడ? ఆ హితవు, బలి మాట యిచ్చిన పిమ్మట వచ్చినది. ఇచ్చెదనన్న నోట లేదనుటకు బలి యొప్పుకొనలేదు. గురుశాపమునకును వెరవక, వింధ్యావళి నీరు తేగా, వటువు పాదములు కడిగి ధారవోసెను. కలశరంధ్రమున కడ్డుపడి శుక్రుడు ఒక కన్ను పోగొట్టుకొనెనను కథ తెలుగునాట ప్రసిద్ధమే కదా! పోవు సంపద ఆయనకు కనబడినది. చేయి చాచినవాడెవరో తెలిసియు, ఆ భాగ్యము కనబడలేదు.

మన యిండ్లలోను ఇది జరుగుచున్నది. బిడ్డకు జబ్బు చేసిననాడు నిలువుదోపిడి మ్రొక్కుకొందుము. బిడ్డ కోలుకొనును. తిరుమల ప్రయాణమునాడు పెట్టె తెరచి, పెండ్లినాటి హారమును ఇంటనే యుంచి, సన్నని గొలుసొకటి మెడలో వేసికొని బయలుదేరుదుము. అడిగినవారితో "ముందుచూపుండవలదా? ఆడపిల్ల యున్నది" అందుము. ఆ ఆడపిల్ల మ్రొక్కుకొన్ననాడును ఉన్నదే! ఆలోచింపవలసినది ఆనాడు. శక్తికి తగినట్లు ఒక కొబ్బరికాయ మ్రొక్కుకొన్నను స్వామి కాదనడు.

బలి సర్వమును కోల్పోయి సుతలమునకు పోయెను. అచ్చట ఆయన వాకిట గదాపాణియై నిలిచినవాడు శ్రీహరి. రానున్న సావర్ణి మన్వంతరమున ఇంద్రపదవి బలిదే. నడుమ నిలిచిన యజ్ఞమునందలి కొరతను తీర్చుమని భగవానుడు శుక్రునే ఆదేశింపగా, ఆచార్యుడు తలయొగ్గి ఆ పని పూర్తిచేసెను.