విశ్రాంతి ఎవరిది?

మే నెల మొదటి దినమున ఇటలీ దేశములో కార్మికుల పండుగ జరుగును. అది అచ్చట ప్రభుత్వపు సెలవు. రోము నగరవాసులు అనేకులు కుటుంబములతో ఊరి వెలుపలికి పోయి, పచ్చికమీద కూర్చుండి, ఫావా అను పచ్చి చిక్కుడు గింజలను గొఱ్ఱెపాల చీజుతో తిందురు. కార్మిక సంఘములు 1990లో ఆ నగరమున మొదలుపెట్టిన గొప్ప సంగీత సభకు జనులు వేలాదిగా వత్తురు.

ఈ సెలవు ఊరక వచ్చినది కాదు. 1923లో ముస్సోలినీ ప్రభుత్వము దానిని రద్దుచేసి, రోము జన్మదినమని చెప్పబడు ఏప్రిల్ 21ని దానికి మారుగా పెట్టెను. ఆ యేటనే మద్రాసులో సింగారవేలుగారు మన దేశపు మొదటి మే దినమును జరిపిరి. ఇటలీవారు 1945లో, ఫాసిస్టు పాలన అంతమైన పిమ్మట, తమ దినమును మరల పొందిరి. రెండేండ్లకే, 1947 మే 1న, సిసిలీ ద్వీపమందు పోర్టెల్లా డెల్లా జినెస్ట్రా అను చోట పేద రైతులు భార్యాబిడ్డలతో పండుగకు కూడియుండగా, జూలియానో అను బందిపోటు ముఠా కొండమీదనుండి తుపాకులు కాల్చెను. 11 మంది చనిపోయిరి. వారిలో పిల్లలును ఉండిరి.

ఇంత వెలపెట్టి కొన్న విశ్రాంతి నేడు ఎవరికి దొరకుచున్నది? పండుగనాడు హోటలులో వడ్డించువాడును, సభ ముగిసిన తరువాత వీధి ఊడ్చువాడును కార్మికులే కదా! 2012 నుండి అంగళ్లు ఏ దినమైనను తెరచుటకు ఇటలీ చట్టము సెలవిచ్చినది. అందుచేత మే 1న సహితము పనికి పోవువారున్నారు. సంఘములు దీనికి అభ్యంతరము చెప్పుచున్నవి. “ఇష్టపడినవాడు పనిచేసి అధికముగా కూలి పొందిన తప్పేమి?” అని కొందరందురు. ఈ మాట త్రోసివేయదగినది కాదు. ఆసుపత్రికి తాళము వేయలేము. పశువులను పస్తు పెట్టలేము. అయితే ఆ మనిషి నిజముగా ఇష్టపడెనా, లేక కాదన్నచో పని పోవునని భయపడెనా?

ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయములోని విశ్రాంతి ఆజ్ఞ యజమానునితో ఆగిపోలేదు. దాసునికిని, దాసికిని, పరదేశికిని, ఎద్దుకును, గాడిదకును అది చెందినది. మీరును ఒకప్పుడు దాసులే అను జ్ఞాపకమే దానికి కారణముగా చెప్పబడినది. ఒకని విశ్రాంతి మరియొకని వీపుమీద మోయబడినచో అది సగము విశ్రాంతియే.

మనలో అనేకులము కూలిచేసి బ్రతుకువారము. యజమానుడు సెలవియ్యనప్పుడు మన మనస్సు నొచ్చును. కాని పండుగనాడు మన యింటిలో మొదట లేచునది ఎవరు? అందరికిని వడ్డించి కడపట తినునది ఎవరు? ఆ దినమున ఆమె పని రెట్టింపగుట మనము చూచితిమా? ఇటలీవారిని ప్రశ్నించుట సులభము. రాబోవు పండుగనాడు అంట్లగిన్నెల యొద్ద మనమే కూర్చుండి, ఆమెను అరుగుమీద కూర్చుండబెట్టుదము.