ఆటకు కర్త ఎవరు?

ఆటల చరిత్ర పండితులు వ్రాయదగినదేనా అని అడిగేవారు మనలో ఇంకా ఉన్నారు. కావ్యానికి చరిత్ర ఉండవచ్చు గాని, బంతికీ బరికీ చరిత్రేమిటని వారి ఆక్షేపణ. ఆట చరిత్రలో న్యాయాన్యాయాల ప్రశ్న ఎలా ఇమిడి ఉంటుందో అమెరికావారి బేస్‌బాల్‌ను చూస్తే తెలుస్తుంది.

ఆ ఆట పుట్టుకను తేల్చడానికి 1905లో అక్కడ ఒక సంఘాన్ని నియమించారు. 1839లో కూపర్స్‌టౌన్ అనే ఊళ్ళో ఆబ్నర్ డబుల్‌డే దానిని కనిపెట్టాడని 1907లో ఆ సంఘం తీర్పు చెప్పింది. అతడు అంతర్యుద్ధంలో పేరు తెచ్చుకున్న సేనాని. జాతి గర్వానికి ఇంతకన్న ఏం కావాలి? కాని 1839లో అతడు వేరొకచోట సైనిక విద్యాలయంలో చదువుకుంటున్నాడు. ఆ ఆట పేరు 1744లోనే ఇంగ్లండులో పిల్లల పుస్తకంలో అచ్చయింది. సేనానిని కర్తను చేసినప్పుడు, తరతరాలుగా ఆడుతూ, తగవులాడుతూ, నియమాలు మార్చుకుంటూ వచ్చిన పేరులేని జనం కర్తృత్వం అపహరణకు గురయింది.

అంతకన్న ఘోరం మరొకటి. ప్రధాన పోటీలలోకి రానివ్వని నల్లజాతివారు తమ లీగులు తామే నడుపుకున్నారు. 1947లో జాకీ రాబిన్సన్ ఆ గోడ దాటాడు. అయినా 1920-48 నాటి ఆ లీగులు కూడా ప్రధాన లీగులేనని అధికారులు ఒప్పుకోవడానికి 2020 దాకా పట్టింది. పాత పత్రికలలో స్కోర్లు ఏరి కూర్చిన పరిశోధకుల శ్రమ ఫలితంగా, 2024లో జాష్ గిబ్సన్ జీవితకాలపు బ్యాటింగ్ సగటులో అందరికన్న ముందు నిలిచాడు. అతడు 1947 జనవరిలోనే మరణించాడు. చనిపోయినవాడికి సగటు ఎందుకు? నిజమే, అతనికి న్యాయం అందలేదు. కాని ఒక అబద్ధం నుంచి బతికున్నవారు విముక్తులయ్యారు. చరిత్ర చేయగల మేలు అంతే. అది తక్కువేమీ కాదు.

మనకూ డబుల్‌డేలు ఉన్నారు. కబడ్డీకి మూలం అభిమన్యుని పద్మవ్యూహంలో ఉందని సగర్వంగా చెప్పుకుంటాం. 1990లో అది ఆసియా క్రీడలలో పతకపు పోటీ అయిన తరువాత ఆ గర్వం మరింత పెరిగింది. వీరుని పేరు చెప్పగానే, పల్లెల్లో చెడుగుడు కూత పట్టిన పాలేరూ, పశువుల కాపరీ కనుమరుగవుతారు.

నెల్లూరు జిల్లా సంగం దగ్గర పెన్నకు పందొమ్మిదో శతాబ్దంలో ఆనకట్ట కట్టారు. 2022లో బారేజి వచ్చింది. ఎన్ని ఎకరాలకు నీరందుతుందో కాగితాలు చెబుతాయి. ఏటి ఇసుకలో గీత గీసి కూతకు వెళ్ళినవారికి స్కోరు పుస్తకం లేదు. ముసలివారి జ్ఞాపకాలే మనకు పాత పత్రికలు. ఆత్మకూరు, ఉదయగిరి మెట్ట గ్రామాలలోనూ అంతే.

అయితే వారిని ఏమడగాలి? ఎవరు గెలిచారని మాత్రమే అడిగితే మరో వీరగాథ తయారవుతుంది. చెడుగుడుకు ప్రాణం తాకడం. తాకితే ఎదుటివాడు ఔటు. పట్టి ఆపితే వచ్చినవాడు ఔటు. మనిషిని మనిషి తాకితే మైల అన్న సమాజంలో ఈ ఆట ఎలా సాగింది? ఊరి పిల్లలూ, మాలమాదిగ వాడల పిల్లలూ ఒకే బరిలో ఆడారా? ఆడితే, ఆట ముగిశాక ఒకే బావి దగ్గర దాహం తీర్చుకున్నారా? ఏ వయసు రాగానే ఆడపిల్లను బరి దాటించారు?

ఈ ప్రశ్నలు అడగని ఆట చరిత్ర భజన అవుతుంది. అడిగేది ఇప్పుడే, సమాధానం చెప్పగలవారు ఎల్లకాలం ఉండరు.